పట్టా పుచ్చుకుని బజారుకు వెళ్లిన పంతులు

మొన్న జుమా నమాజు అయ్యాక చల్లపల్లిలో మసీదు మెట్ల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని ఆపారు. ఆయనది నూర్‌బాషా కుటుంబం. తాతల నాటి నుంచి దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి బతికినవారు. రెక్కలు ముక్కలు చేసుకుని కొడుకును బి.కాం. దాకా చదివించారు. కుర్రవాడు రెండుసార్లు ప్రభుత్వోద్యోగానికి పోటీ పరీక్ష రాశాడు. రెండుసార్లూ రాలేదు. మూడోసారి రాయనని, పరుపుల పనినే పద్ధతిగా, పెద్ద ఎత్తున పెట్టుకుంటానని ఇప్పుడు పట్టుబట్టాడట. ఉద్యోగం రాలేదన్న దానికంటే ఈ మాటకే తండ్రి ఎక్కువ కుంగిపోయారు. ఆ దూది దుమ్ములోంచి బయట పడెయ్యడానికే కదా చదివించింది, చదివి మళ్లీ అందులోకే దిగితే నలుగురిలో తలెత్తుకునేది ఎలా అన్నది ఆయన బాధ. అబ్బాయికి నాలుగు మంచి మాటలు చెప్పి దారిలో పెట్టమని మమ్మల్ని అడిగారు.

మేము అప్పటికి ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన మాటలు కొడుక్కా, తండ్రికా అన్నది మాకు అక్కడే తేలలేదు. ఈ వారం రాస్తున్న జీవితం ఆ ఇద్దరి కోసమూ, అలాంటి ఇళ్ల కోసమూ.

మన పిల్లలందరికీ హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) గారి సంగతి తెలుసు. మక్కాలో ఉన్నదంతా వదిలి కట్టుబట్టలతో మదీనా చేరినప్పుడు దైవప్రవక్త (స) ఆయనకు సఅద్ బిన్ రబీ (ర)తో సోదరబంధం కలిపారు. సఅద్ (ర) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (ర) దుఆ చేసి, ఆస్తి వద్దని, బజారు ఎక్కడుందో చూపిస్తే చాలన్నారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మడంతో మొదలుపెట్టి కొద్ది రోజుల్లోనే తన కాళ్ల మీద తాను నిలబడ్డారు. బయాన్లలో ఇది వింటాం, కళ్లు చెమ్మగిల్లుతాయి. ఇంటికి వెళ్లాక మాత్రం డిగ్రీ చదివిన కొడుకు బజారు దారి అడిగితే కోపం వస్తుంది. సహాబాల కాలం వేరు, మన కాలం వేరు అని సర్దిచెప్పుకుంటాం. అందుకే ఈసారి అంత దూరం వెళ్లకుండా, మన జిల్లాలోనే పుట్టి, మనం చూసే కాలవల గట్ల మీదే తిరిగిన ఒక మనిషి కథ ఎత్తుకున్నాం.

ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ముస్లిం కారు కదా, ఈ పేజీలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స)కు, అబూబక్ర్ (ర)కు దారి చూపినవాడు అబ్దుల్లా బిన్ ఉరైఖిత్. అప్పటికి అతను ముస్లిం కాదు. దారి బాగా తెలిసినవాడు, నమ్మదగినవాడు కాబట్టే ఆయనను కుదుర్చుకున్నారు. బజారు దారి తెలిసినవారి నుంచి ఆ దారి నేర్చుకోవడానికి మనకు అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

చల్లపల్లి నుంచి కూచిపూడి మీదుగా పామర్రు వెళ్లే బస్సు మనందరికీ అలవాటే. ఆ పామర్రు మండలంలోని ఎలకుర్రులో 1867 మే 1న నాగేశ్వరరావు పుట్టారు. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. బ్రాహ్మణ కుటుంబం. ఊళ్లో మొదటి చదువులు, ఆ తరువాత బందరులో చదువు, అక్కడి నుంచి మద్రాసు క్రిస్టియన్ కళాశాల. బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు లేని రోజులవి. 1891లో పట్టభద్రులయ్యారు.

ఆ రోజుల్లో పట్టభద్రుడంటే ఎంత అరుదో ఇప్పటి పిల్లలకు ఊహకు అందదు. తాలూకా మొత్తం మీద ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంగ్లీషు చదివిన కుర్రవాడి కోసం కలెక్టరు కచేరీలో, కోర్టులో కుర్చీలు ఎదురుచూసేవి. ఆ కుర్చీ మీద కూర్చుంటే జీతమూ, పలుకుబడీ, చివర్లో పింఛనూ. వచ్చే ఉద్యోగాన్ని వదులుకోవడానికి నాగేశ్వరరావు గారికి ఎంత గుండెధైర్యం కావాలి? మన పిల్లలు వదులుకోలేకపోతున్నది రాని ఉద్యోగాన్ని. ఈ తేడా మాకు ఎప్పుడు తలుచుకున్నా చివుక్కుమంటుంది.

కందుకూరి వీరేశలింగం గారి రాతలు ఆయన మనసు మీద బాగా పనిచేశాయంటారు. దేశం బాగుపడాలంటే దేశీయులు పరిశ్రమలూ వర్తకమూ చేతబట్టాలన్న ఆలోచన అప్పుడప్పుడే చదువుకున్నవారిలో మొలకెత్తుతోంది. పంతులు గారు చేసిన మొదటి పని మద్రాసులో ఏదో వ్యాపారం. అది నిలబడలేదు. అక్కడి నుంచి కలకత్తా వెళ్లి ఒక మందుల కంపెనీలో చేరారు. ఔషధాలు ఎలా తయారుచేస్తారో, ఏది ఎంత కలపాలో అక్కడే చూసి నేర్చుకున్నారు. ఆ తరువాత బొంబాయి చేరి ఒక దొరల కంపెనీలో పనిచేశారు. సరుకు ఎలా కొంటారు, ఎలా పంపుతారు, లెక్క ఎలా రాస్తారు అన్నవి అలాంటి చోట కాకపోతే ఎక్కడ తెలుస్తాయి?

ఇక్కడ కాస్త ఆగుదాం. సొంత వ్యాపారం అంటే ఎవరి కిందా పనిచేయకపోవడమని మన కుర్రవాళ్లలో ఒక అపోహ ఉంది. చదువు అయిన మర్నాడే దుకాణానికి బోర్డు కట్టి, రిబ్బను కత్తిరించి, ఆరు నెలల్లో మూసేసినవాళ్లను మా కళ్ల ముందే ఎందరినో చూశాం. పంతులు గారు పట్టభద్రులై ఉండి కూడా ఇంకొకరి మందుల కంపెనీలో పనివాడుగా చేరారు. ఆయన ఉద్యోగం చేసింది జీతం కోసం మాత్రమే అయితే కలకత్తాలోనే స్థిరపడి ఉండేవారు. పని పట్టుబడేదాకా చేశారు, పట్టుబడ్డాక బయటికి వచ్చారు. మన ఇళ్లలో దర్జీ పని, మెకానిక్కు పని నేర్చుకునే పిల్లవాణ్ణి ఉస్తాద్ దగ్గర రెండేళ్లు ఉంచడం మనకు తెలియనిది కాదు. డిగ్రీ చదివినవాడికి ఉస్తాద్ అక్కర్లేదని ఎవరు చెప్పారో తెలియదు.

1893లో బొంబాయిలో అమృతాంజనం పుట్టింది. తలనొప్పికీ, ఒంటినొప్పులకూ రాసుకునే పసుపుపచ్చని లేపనం. ఆ రోజుల్లో ఇలాంటి మందులు చాలావరకు సీమ నుంచి వచ్చేవి. దేశీయుడు చేసిన మందును, అదీ పేరు తెలియని ఆంధ్రుడు చేసినదాన్ని బొంబాయిలో ఎవరు కొంటారు? పంతులు గారు ఒక ఉపాయం చేశారు. సంగీత సభలు జరిగే చోటికి వెళ్లి, వచ్చినవారికి ఆ మందును ఉచితంగా పంచిపెట్టారు. రాసుకున్నవారికి హాయిగా అనిపించింది. మరుసటిసారి తలనొప్పి వచ్చినప్పుడు ఆ సీసా కోసం వాళ్లే అడిగారు. ఒకరి నుంచి ఒకరికి పేరు పాకింది. కొన్నేళ్లలో అమృతాంజనం లేని ఇల్లు లేదన్నంతగా వ్యాపించింది.

సంగీత సభల సంగతి అలా ఉంచి, ఆయన చేసిన పనిని మన ధర్మం వైపు నుంచి చూడండి. ఒకసారి దైవప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీసి, మోసం చేసేవాడు తన వాడు కాడని తెలియజేశారు. చూడకుండా కొన్న సరుకును చూశాక వద్దనే హక్కు కొనేవాడికి ఉంటుందని మన హనఫీ ఫిఖహ్ చెబుతుంది. కొనేవాడు ముందు చూడాలి, నమ్మకం కుదిరాకే డబ్బు తీయాలి అన్నది వీటిలోని ఆంతర్యం. నలుగురిలో మందు ఉచితంగా రాసి చూపడమంటే రాశిలో చెయ్యి పెట్టి చూసుకోమని ముందుగా పిలవడమే కదా. సరుకు మీద నమ్మకం లేనివాడు ఆ పని చేయలేడు.

డబ్బు చేతికి వచ్చింది. ఇక్కడి నుంచి పంతులు గారి జీవితం ఇంకో మలుపు తిరుగుతుంది. 1907లో సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లినప్పుడు, తెలుగువారికి సొంత గొంతు వినిపించే పత్రిక లేదన్న లోటు ఆయనకు బలంగా తోచింది. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు. తెలుగు దేశానికి అంత దూరాన కూర్చుని తెలుగు పత్రిక నడపడం ఎంత తలనొప్పో అమృతాంజనం యజమానికి బాగా తెలిసి వచ్చి ఉంటుంది! 1914లో మకాం మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు. 1924లో భారతి సాహిత్య మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో కన్నుమూసి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సగంలో నిలిచిపోతే దాన్నీ తలకెత్తుకున్నారు. పల్లెల్లో గ్రంథాలయాలకు పుస్తకాలు పంపారు. ఇవేవీ లాభాలు తెచ్చే పనులు కావు. తలనొప్పి మందు సంపాదించింది, అక్షరాలు ఖర్చు పెట్టాయి.

ఆయన పెట్టిన దినపత్రిక ఆయన తరువాత కూడా అర్ధశతాబ్దానికి పైగా నడిచి 1991లో ఆగిపోయింది. మన పెద్దవాళ్లలో చాలామంది దేశం వార్తలు, ఖిలాఫత్ వార్తలు కూడా తెలుగులో చదివింది అలాంటి పత్రికల్లోనే. దాని వెనుక ఎవరి చందాలూ లేవు, ఒక మందు సీసా ఉంది. ఎవరి దయా దాక్షిణ్యాల మీదా ఆధారపడని పత్రిక కాబట్టి దొరల ప్రభుత్వాన్ని నిలదీయగలిగింది. పంతులు గారు ఆంధ్ర కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. ఉద్యోగంలో చేరి ఉంటే పింఛను పోతుందన్న భయం ఆ కాళ్లకు సంకెల అయ్యేదేమో. సొంత సంపాదన ఉన్నవాడి నోటికి ఉండే స్వేచ్ఛ ఎలాంటిదో ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) జీవితంలోనూ చూస్తాం. అంతటి విద్వాంసులు కూఫాలో పట్టువస్త్రాల వర్తకం చేసుకునేవారు. ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇస్తానంటే వద్దన్నారు, అందుకు జైలు పాలయ్యారు. ఆయనను ఎవరూ బట్టల కొట్టువాడని తక్కువ చేసి చూడలేదు. ఇప్పటికీ మనం నమాజు చేసేది ఆయన చూపిన పద్ధతిలోనే.

పంతులు గారి దానాల గురించి జనం చిలవలు పలవలుగా చెప్పుకుంటారు. విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. విగ్రహాలకు దండలు వేసేటప్పుడు అందరూ ఆ చెయ్యి ఇచ్చినదాన్నే తలుచుకుంటారు. అదే చెయ్యి ముందు మద్రాసులో ఓడిపోయిందని, కలకత్తాలో మందులు నూరడం నేర్చిందని, బొంబాయిలో ఉచితంగా లేపనం పంచిందని ఎవరూ చెప్పరు. మాకు మాత్రం ఆ మొదటి ఏళ్లే ఎక్కువ ఇష్టం. జకాత్ తీసుకునే ఇల్లు జకాత్ ఇచ్చే ఇల్లుగా మారడానికి మధ్య గడవవలసినవి అలాంటి ఏళ్లే.

అయితే ఒక మాట దాచకూడదు. పంతులు గారికి ఉన్నవన్నీ మన కుర్రవాళ్లకు లేవు. అగ్రకులంలో పుట్టారు, కాలేజీలో ఇంగ్లీషు చదువు అబ్బింది, ఎక్కడికి వెళ్లినా పలకరించి కూర్చోబెట్టే మనుషులు దొరికారు. మన పేటల్లో అబ్బాయికి దుకాణం అద్దెకు దొరకడమే ఒక్కోసారి కష్టం. పోటీ పరీక్షలు రాస్తూ కూర్చుంటే ఈ కష్టం తీరుతుందా అంటే అదీ లేదు. ఆ తరంలోనే మన బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులు నేర్పి, ప్రభుత్వ కొలువు కోసం దేబిరించని పిల్లల్ని తయారుచేయాలన్నది వారి తపన. పనికి పెట్టుబడి కూడా కావాలని గ్రహించిన పట్టాభి గారు 1923లో ఆ బందరులోనే ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

బ్యాంకు మాట వచ్చింది కాబట్టి, మన ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుర్రవాడికి ఉత్సాహం ఉంటుంది, పని తెలుసు, పెట్టుబడి ఉండదు. అప్పు తెస్తే వడ్డీ. వడ్డీ హరాం. అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. నిజానికి అక్కడ ఆగవలసిన పని లేదు. దైవప్రవక్త (స) పెళ్లికి ముందు ఖదీజా (ర) గారి సొమ్ముతో సిరియా దాకా వర్తకానికి వెళ్లారు. సొమ్ము ఒకరిది, శ్రమ ఒకరిది. దీన్నే ముదారబా అంటారు. మన ఊరి లెక్కలో చెప్పుకుందాం. ఒక పెద్దాయన లక్ష రూపాయలు ఇచ్చారు, కుర్రవాడు పని చేశాడు, ఏడాదికి 40,000 లాభం వచ్చింది, చెరి సగం అని ముందే అనుకున్నారు. ఆయనకు 20,000, కుర్రవాడికి 20,000. నష్టం వస్తే సొమ్ములో పోయింది పెద్దాయనది, వృథా అయిన శ్రమ కుర్రవాడిది. కుర్రవాడు అజాగ్రత్త చేసినా, మాట తప్పినా అప్పుడు బాధ్యత అతనిది. లాభం వచ్చినా రాకపోయినా నెలకు ఇంత అని ముందే కట్టడి చేసుకుంటే మాత్రం అది ముదారబా కాదు, పేరు మార్చుకున్న వడ్డీ. లెక్క రాసుకోవాలి, సాక్షులు ఉండాలి. ఇచ్చిపుచ్చుకునే బాకీలను రాసిపెట్టుకోమని ఖుర్ఆన్‌లో బఖరా సూరాలో స్పష్టమైన ఆదేశమే ఉంది.

గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి వచ్చినవారు, పింఛను డబ్బు చేతికి అందినవారు మన జమాఅత్‌లలో లేకపోలేదు. ఆ సొమ్ము ఎక్కడో స్థలం మీద పడుకుంటుంది. దాన్ని చదువుకున్న, నమ్మకమైన కుర్రవాడి చేతిలో పెట్టడానికి భయపడతాం. భయం న్యాయమే. అందుకే ఆ కుర్రవాడు ముందు పని నేర్చి చూపాలి, పంతులు గారు కలకత్తాలో నేర్చినట్టు.

పంతులు గారి చివరి రోజులు మద్రాసు మైలాపూరులోని శ్రీబాగ్ ఇంట్లో గడిచాయి. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నది ఆ ఇంట్లోనే. 1938 ఏప్రిల్ 11న ఆయన కన్నుమూశారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికనూ, వ్యాపారాన్నీ నడిపారు. మైలాపూరులో ఆయన పేరిట ఉన్న పార్కులో పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకు ఆయన ఎవరో ఎంతమందికి తెలుసో గానీ, ఆయన కంపెనీ మాత్రం ఇప్పటికీ చెన్నైలో ఉంది, సీసా ఇప్పటికీ మన ఇళ్ల గూటిలో ఉంది.

ఈ సంగతులన్నీ మేము ఆ పెద్దాయనకు, ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, రెండు సాయంత్రాలు చెప్పాం. మొదటి రోజు ఆయన పెద్దగా మాట్లాడలేదు. పంతులు అంత చదివి మందు నూరాడా అని మాత్రం ఒకసారి అడిగారు. రెండో రోజు కొడుకు కూడా వచ్చి కూర్చున్నాడు. తండ్రి అతన్ని అడిగినవి మాకు నచ్చాయి. దూది ఎక్కడి నుంచి తెస్తావు, బూరుగు దూదికి, పత్తి దూదికి ధరలో తేడా ఎంత, ఫోము పరుపు కొనేవాడు నీ దగ్గరికి ఎందుకు రావాలి అని ఒక్కొక్కటే అడిగారు. సగం ప్రశ్నలకు కుర్రవాడి దగ్గర జవాబు లేదు. జవాబు లేని ప్రతిచోటా ఆ తండ్రి తనకు తెలిసింది చెబుతూ పోయారు. నలభై ఏళ్ల పనితనం ఆ మాటల్లో ఉంది. తాను సిగ్గుపడిన పనిలోనే కొడుక్కి ఉస్తాద్ తానేనని ఆయనకు ఆ సాయంత్రం తట్టిందో లేదో మేము అడగలేదు.

విజయవాడలో పరుపులు టోకుగా చేసి పంపే ఒక వ్యాపారి ఆయనకు పాత పరిచయం. కుర్రవాణ్ణి ఒక ఏడాది అక్కడ పనిలో పెట్టడానికి ఒప్పుకున్నారు. సోమవారం ఫజ్ర్ నమాజు చేసుకుని తండ్రీకొడుకులు ఇద్దరూ మొదటి బస్సు ఎక్కారు. దూది ఏకే పాత విల్లు ఒకటి అటక మీద ఉందట. ఇన్నాళ్లూ అమ్మేద్దామనుకున్నది దింపి తుడిపించి పెట్టారని వాళ్ల ఇంట్లో చెప్పారు.